స్పానిష్‌లో ‘మాట్లాడతాను’: భవిష్యత్ కాలం ఎలా కట్టాలి, ఎక్కడ వాడాలి

క్లుప్తంగా: స్పానిష్‌లో రెగ్యులర్ (నియమం తప్పని) క్రియకు భవిష్యత్ రూపం కావాలంటే నిఘంటువులో ఉన్న పూర్తి మాటకే ప్రత్యయం తగిలిస్తే చాలు. మూడు రకాల క్రియలకూ ప్రత్యయాలు ఒకటే. అవి ఒకప్పటి సహాయక క్రియ నుంచి మిగిలిన ముక్కలు. రూపం తేలికే, తికమకంతా వాడుకలో ఉంది. ఈ రూపం రేపటి సంగతిని చెబుతుంది, ఇప్పటి ఊహనూ చెబుతుంది. తెలుగులో ‘ఉంటాడు’ అనే మాట కూడా ఈ రెండు పనులూ చేస్తుంది.

తలుపు చప్పుడవుతుంది. ఇంట్లో ఉన్న స్పానిష్ మనిషి ‘క్యేన్ సెరా?’ అంటాడు. ‘సెరా’ భవిష్యత్ రూపం. ఇంగ్లిష్ ద్వారా స్పానిష్ నేర్చుకున్న విద్యార్థి దాన్ని ‘ఎవరు కాబోతున్నారు?’ అని అర్థం చేసుకుని అక్కడే ఆగిపోతాడు. వచ్చిన మనిషి ఇప్పుడే గుమ్మంలో ఉన్నాడు కదా, మధ్యలో రేపటి మాట ఎందుకొచ్చింది? ఇదే వాక్యాన్ని నేరుగా తెలుగులోకి తెస్తే ‘ఎవరై ఉంటారు?’ అవుతుంది. తెలుగులో కూడా అక్కడున్నది ‘ఉంటారు’ అనే భవిష్యత్ రూపమే. తెలుగువాళ్లెవరూ ఆ మాట విని తడబడరు.

అమెరికా హైస్కూళ్లలో స్పానిష్ తీసుకునే తెలుగు పిల్లలైనా, హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) లాంటి చోట చదివేవాళ్లైనా, ఫోన్‌లో యాప్ పెట్టుకుని నేర్చుకునేవాళ్లైనా ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే ఈ భాషలోకి వెళ్తారు. భవిష్యత్ కాలం దగ్గర ఆ దారి చుట్టుదారి అవుతుంది. ఇంగ్లిష్‌లో ‘విల్’ అనే విడి మాట చేసే పనిని స్పానిష్, తెలుగు రెండూ క్రియ చివర ప్రత్యయంతో చేస్తాయి. అర్థాల పరిధిలోనూ ఈ రెండు భాషలు చాలాచోట్ల ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి.

స్పానిష్ మాటలను తెలుగు లిపిలో రాయడానికి ఇక్కడ ఒక పద్ధతి పాటిస్తున్నాం. స్పానిష్‌లో మన అ, ఆ లాగా హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. మాటలో ఒక అక్షరం మీద ఊనిక మాత్రం ఉంటుంది. ఆ ఊనిక పడే అచ్చును ఇక్కడ దీర్ఘంగా, మిగతావాటిని హ్రస్వంగా రాశాం. ఉదాహరణకు ‘అబ్లార్’ అన్నప్పుడు ఊనిక ‘లా’ మీద పడుతుంది. ఈ మాటను స్పానిష్ లిపిలో రాస్తే మొదట హకారం కనిపిస్తుంది కానీ అది పలకదు.

రూపం కట్టే పద్ధతి

స్పానిష్ క్రియలు నిఘంటువులో మూడు రకాల ముగింపులతో కనిపిస్తాయి: -ఆర్, -ఏర్, -ఈర్. అబ్లార్ అంటే మాట్లాడడం, కొమేర్ అంటే తినడం, బివీర్ అంటే బతకడం లేదా ఒకచోట నివసించడం. వర్తమాన కాలంలో ఈ ముగింపును కత్తిరించి, మిగిలిన ముక్కకు వేరే ప్రత్యయం అతికిస్తారు. ఆ ప్రత్యయం క్రియ రకాన్ని బట్టి మారుతుంది. ‘మేము మాట్లాడతాం, తింటాం, నివసిస్తాం’ అనడానికి అబ్లామొస్, కొమేమొస్, బివీమొస్ అని మూడు ముగింపులు గుర్తుపెట్టుకోవాలి.

భవిష్యత్తులో కత్తిరింపు లేదు. మాట మొత్తాన్నీ ఉంచి దాని చివరే తగిలిస్తారు.

అబ్లరే: నేను మాట్లాడతాను
అబ్లరాస్: నువ్వు మాట్లాడతావు
అబ్లరా: అతను, ఆమె, లేదా గౌరవంతో పిలిచే ఒక్క ‘మీరు’
అబ్లరేమొస్: మేము, మనం
అబ్లరేయిస్: మీరంతా (స్పెయిన్‌లో, చనువున్నవాళ్లతో)
అబ్లరాన్: వాళ్లు, లేదా మీరంతా

కొమేర్ తీసుకుంటే కొమెరే, కొమెరాస్, కొమెరా, కొమెరేమొస్, కొమెరేయిస్, కొమెరాన్. బివీర్‌కు బివిరే, బివిరాస్ అంటూ అదే వరస. ఆరు ప్రత్యయాలు నేర్చుకుంటే వేల క్రియలు చేతికొస్తాయి. లాటిన్ అమెరికా దేశాల్లో ‘అబ్లరేయిస్’ వాడుకలో లేదు కనుక అక్కడికి వెళ్లేవాళ్లకు ఐదు చాలు. అర్జెంటీనాలో ‘నువ్వు’ అనడానికి ‘తూ’ బదులు ‘బోస్’ అంటారు. దాంతో వర్తమానంలో క్రియ రూపం మారిపోతుంది. భవిష్యత్తులో మాత్రం అక్కడ కూడా ‘అబ్లరాస్’ అనే అంటారు.

తెలుగువాళ్లకు ఇక్కడ కలిసొచ్చే సంగతి ఒకటుంది. ‘వస్తాను’ అంటే చాలు, ‘నేను’ అని వేరే చెప్పక్కర్లేదు. స్పానిష్‌లోనూ అంతే. ‘అబ్లరే’లోనే ‘నేను’ ఉంది. ‘యో అబ్లరే’ అంటే ‘నేను మాట్లాడతాలే’ అని నొక్కి చెప్పినట్టు. ఇంగ్లిష్ అలవాటుతో ప్రతి వాక్యం ముందూ ‘యో’ పెట్టడం తప్పు కాదు కానీ వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

జాగ్రత్తపడాల్సిన చోట్లూ ఉన్నాయి. మన క్రియకు లింగం ఉంది: మాట్లాడతాడు, మాట్లాడుతుంది. స్పానిష్ క్రియకు అది లేదు, ‘అబ్లరా’ ఇద్దరికీ సరిపోతుంది. మనం గౌరవం కోసం ఏకవచనాన్ని బహువచనం చేస్తాం: ‘ఆయన మాట్లాడతారు’. ఆ అలవాటుతో ‘ప్రొఫెసర్ గారు మాట్లాడతారు’ అనడానికి ‘అబ్లరాన్’ అంటే స్పానిష్‌లో తప్పు. ఒక్కరి గురించి ఎంత గౌరవంగా చెప్పినా ‘అబ్లరా’ అనే అనాలి. ‘మేము’కూ ‘మనం’కూ తేడా చూపించే వీలు కూడా స్పానిష్‌లో లేదు.

‘మాట్లాడను’ అనడానికి తెలుగులో క్రియ రూపమే మారిపోతుంది, ‘-తా-’ ఎగిరిపోతుంది. స్పానిష్‌లో ముందు ‘నో’ పెడితే సరిపోతుంది: నో అబ్లరే.

యాక్సెంట్ గుర్తు

ఆరు రూపాల్లో ఐదింటికి ప్రత్యయం మొదటి అచ్చు మీద యాక్సెంట్ గీత పెట్టాలి. ‘అబ్లరేమొస్’కు మాత్రం పెట్టకూడదు. దీన్ని బట్టీపట్టే నియమంగా చెబుతుంటారు కానీ దాని వెనక మామూలు లెక్కే ఉంది. స్పానిష్ రాతలో అచ్చుతో గానీ, న్‌తో గానీ, స్‌తో గానీ ముగిసే మాటలకు ఊనిక సహజంగా చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. అలా పడితే గుర్తు అక్కర్లేదు, వేరేచోట పడితే గుర్తు పెట్టి చెప్పాలి. అబ్లరే, అబ్లరాస్, అబ్లరాన్ లాంటి వాటిలో ఊనిక చివరి అక్షరం మీద ఉంది, అందుకే గీత. ‘అబ్లరేమొస్’లో అది ఉండాల్సిన చోటే ఉంది.

గీత మర్చిపోతే అక్షరదోషంతో పోదు, మాటే మారిపోతుంది. ‘అబ్లరా’ అంటే మాట్లాడతాడు. ఊనిక ఒక్క అక్షరం వెనక్కి జరిగి ‘అబ్లార’ అయితే అది సబ్‌జంక్టివ్ (కోరికను, సందేహాన్ని, ఇంకా జరగని సంగతిని చెప్పే క్రియ రూపం) భూతకాల రూపం. ‘అతను మాట్లాడాలని కోరుకున్నాను’ లాంటి వాక్యాల్లో వచ్చేది అదే. అబ్లరాస్, అబ్లారస్; అబ్లరాన్, అబ్లారన్ జంటలదీ ఇదే కథ. స్పానిష్ లిపిలో ఈ జంటల అక్షరాలన్నీ ఒకటే, గీత ఒక్కటే తేడా. ‘పలక’, ‘పాలక’ల మధ్య దీర్ఘం ఎంత ముఖ్యమో మనకు తెలుసు కనుక ఈ గీత విలువ తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ ఊనికతో మరో లాభం ఉంది. వర్తమానంలో ఇబ్బంది పెట్టే చాలా క్రియలు భవిష్యత్తులో బుద్ధిగా ఉంటాయి. పెన్సార్ అంటే ఆలోచించడం. ‘ఆలోచిస్తాను’ అనే వర్తమానంలో ధాతువు విరిగి ‘ప్యేన్సొ’ అవుతుంది. దొర్మీర్ (నిద్రపోవడం) ‘ద్వేర్మొ’ అవుతుంది. ఊనిక ధాతువు మీద పడినప్పుడే అక్కడి అచ్చు అలా విరుగుతుంది. భవిష్యత్తులో ఊనిక ఎప్పుడూ ప్రత్యయం మీదే ఉంటుంది కనుక ధాతువు చెక్కుచెదరదు: పెన్సరే, దొర్మిరే. ‘వెళ్లడం’ అనే ‘ఈర్’ స్పానిష్‌లోని అతి వంకర క్రియల్లో ఒకటి. వర్తమానంలో ‘బోయ్’, భూతకాలంలో ‘ఫ్వీ’. భవిష్యత్తులో మాత్రం చక్కగా ‘ఇరే’.

ప్రత్యయాలు ఎక్కడి నుంచి వచ్చాయి

పూర్తి మాటకే ప్రత్యయం తగిలించే వింత పద్ధతి భవిష్యత్తుకు ఎలా వచ్చింది? స్పానిష్‌లో ‘అబేర్’ అనే సహాయక క్రియ ఉంది. దాని వర్తమాన రూపాలు వరసగా చదివితే విషయం తెలిసిపోతుంది: ఏ, ఆస్, ఆ, ఏమొస్, అబేయిస్, ఆన్. ఐదో దాంట్లో ముందున్న ‘అబ్’ తీసేస్తే మన ఆరు ప్రత్యయాలూ ఇవే. అబ్లార్ + ఏ = అబ్లరే. అబ్లార్ + ఆన్ = అబ్లరాన్. రెండు మాటలు కలిసి సంధి అయిపోయాయి, అంతే. ప్రత్యయం మీద ఊనిక ఎందుకుందో కూడా దీంతో తేలిపోతుంది. అది ఒకప్పుడు సొంత ఊనిక ఉన్న సొంత మాట.

స్పానిష్‌కు తల్లి అయిన లాటిన్‌లో భవిష్యత్తు వేరుగా ఉండేది. ‘పాడతాడు’ అంటే ‘కంతాబిత్’. ‘పాడాడు’ అంటే ‘కంతావిత్’. వాడుక లాటిన్‌లో అచ్చుల మధ్య బకారం, వకారం ఒకేలా పలకడం మొదలయ్యాక పాడినవాడికీ పాడబోయేవాడికీ చెవికి తేడా లేకుండా పోయింది. మరో రకం క్రియల్లో ‘చెబుతాడు’ అనే భవిష్యత్తుకు ‘దీకెత్’, వర్తమానానికి ‘దీకిత్’. ఆ ఎకార ఇకారాలు కూడా కలిసిపోయాయి. పైగా లాటిన్‌లో ఒక్కో రకం క్రియకు ఒక్కో భవిష్యత్ పద్ధతి ఉండేది. ఇలా తికమకపడిన చోట జనం వేరే దారి వెతుక్కుంటారు. దొరికిన దారి ‘కంతారే హాబెఓ’. మాటకు మాట పెడితే ‘పాడడం కలిగి ఉన్నాను’, అసలు అర్థం ‘పాడాల్సి ఉంది’.

‘పాడాల్సి ఉంది’ నుంచి ‘పాడతాను’కు అర్థం ఎలా జారిందో తెలుగు పాఠకుడికి ఇట్టే అర్థమవుతుంది. ‘రేపు మంత్రి గారు విజయవాడ రావాల్సి ఉంది’ అని వార్తల్లో చదువుతాం. అందులో బలవంతమేమీ లేదు, రేపు వస్తారని అర్థం. బాధ్యతను చెప్పే ‘-వలసి ఉంది’ కాలాన్ని చెప్పే పనిలోకి దిగింది. లాటిన్‌లో జరిగిందీ అదే. కాకపోతే అక్కడ ఆ మార్పు పూర్తిగా స్థిరపడి పాత భవిష్యత్తును తరిమేసింది.

రెండు మాటలు అతుక్కుపోవడం కూడా మనకు కొత్త కాదు. ‘వస్తూ ఉన్నాను’ అనేది ‘వస్తున్నాను’ అయింది. ‘ఉన్నాను’ అనే నిండు క్రియ అందులో ప్రత్యయంలా ఒదిగిపోయింది. అబ్లార్‌లో ‘ఏ’ ఒదిగిన తీరు ఇదే.

ఈ అతుకు పాతదే. ఫ్రాంకుల రాజ్యంలో 7వ శతాబ్దంలో రాసిన ఒక లాటిన్ వృత్తాంతంలో తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ గురించి ఒక కథ ఉంది. ఓడిపోయిన పర్షియా రాజును ప్రాంతాలు తిరిగి ఇవ్వమని అడిగితే అతను పాత లాటిన్‌లో ‘నోన్ దాబో’, అంటే ఇవ్వను, అంటాడు. జస్టీనియన్ ‘దరాస్’, ఇస్తావు, అని బదులిస్తాడు. ఆ మాట పుట్టిన చోట వెలిసిన ఊరికి ఆ పేరే వచ్చిందని కథ ముగుస్తుంది. ఆ ఊరు జస్టీనియన్ కంటే ముందే ఉంది కనుక ఇది ఊరి పేరుకు అల్లిన కథే. భాషా చరిత్రకారులకు మాత్రం అది నిధి. రాజు నోట పాత భవిష్యత్తు, చక్రవర్తి నోట కొత్త భవిష్యత్తు, రెండూ పక్కపక్కనే దొరికాయి. నేటి స్పానిష్‌లోనూ ‘ఇస్తావు’ అంటే ‘దరాస్’.

మధ్యయుగాల కాస్టిలియన్ (స్పానిష్‌కు మరో పేరు) రాతల్లో ఈ అతుకు ఇంకా పూర్తిగా ఆరలేదు. ‘నీకు ఇస్తాను’ అనడానికి ‘దార్ తె ఏ’ అని, మధ్యలో ‘నీకు’ను దూర్చి రాసేవారు. ఇప్పుడు ‘తె దరే’ అంటారు. 1492లో స్పెయిన్‌లోని సలమాంకాలో తన కాస్టిలియన్ వ్యాకరణం అచ్చువేసిన అంతోనియో దె నెబ్రీహ కూడా భవిష్యత్తును మూల రూపం, అబేర్ వర్తమాన రూపం కలిపి కట్టినదిగానే చెప్పాడు. పోర్చుగీసు గ్రంథభాషలో సర్వనామాన్ని మధ్యలో దూర్చే పద్ధతి ఇప్పటికీ బతికి ఉంది. ఫ్రెంచి, ఇటాలియన్ భవిష్యత్తులు కూడా ఈ లాటిన్ జంట నుంచే పుట్టాయి. రుమేనియన్ మాత్రం ‘కోరడం’ అనే క్రియను సహాయంగా పెట్టుకుని వేరే దారిన పోయింది.

దారి తప్పిన పన్నెండు

భవిష్యత్తులో ఇర్రెగ్యులర్ (నియమం తప్పిన) క్రియలు పన్నెండే అని చెప్పుకోవచ్చు. వీటిలోనూ ప్రత్యయాలు మారవు, ముందుభాగమే అరిగిపోతుంది. పొదేర్ (చేయగలగడం), సబేర్ (తెలియడం), అబేర్, కబేర్ (పట్టడం), కెరేర్ (కోరడం) మధ్య అచ్చును పోగొట్టుకుని పొద్రే, సబ్రే, అబ్రే, కబ్రే, కెర్రే అయ్యాయి. ‘కలుగు’ కాస్తా ‘కల్గు’ అయినట్టు. తెనేర్ (కలిగి ఉండడం), పొనేర్ (పెట్టడం), బెనీర్ (రావడం), సలీర్ (బయటికి వెళ్లడం), బలేర్ (విలువ చేయడం) కూడా అచ్చును పోగొట్టుకున్నాయి. దాంతో న్, ల్ పక్కకు ర్ వచ్చి పడింది. న్ నుంచి ర్‌కు నాలుక జారేటప్పుడు మధ్యలో ద్ దానంతటదే పుడుతుంది. అందుకే తెంద్రే, పొంద్రే, బెంద్రే, సల్ద్రే, బల్ద్రే. ఇక దెసీర్ (చెప్పడం), అసేర్ (చేయడం) మరీ అరిగి దిరే, అరే అయ్యాయి.

ఇవన్నీ రోజూ నోట్లో నానే క్రియలే కావడం యాదృచ్ఛికం కాదు. ఎక్కువ వాడే మాటే ఎక్కువ అరుగుతుంది.

రేపటి మాటకు మూడు దారులు

ఇంత చక్కటి రూపం ఉన్నా, మెక్సికోలోనో కొలంబియాలోనో నలుగురి మాటలు వింటే ‘అబ్లరే’ కంటే ‘బోయ్ అ అబ్లార్’ ఎక్కువగా వినిపిస్తుంది. మాటకు మాట పెడితే ‘మాట్లాడడానికి వెళ్తున్నాను’. కదలిక అర్థం పోయి, ‘మాట్లాడబోతున్నాను’ అనే అర్థం మిగిలింది. తెలుగు ‘-బోతున్నాను’లో ఉన్నదీ ‘పోవు’ క్రియే. మాట్లాడ + పోతున్నాను, మాట్లాడబోతున్నాను. ప్రపంచానికి ఆ చివరా ఈ చివరా ఉన్న రెండు భాషలు ‘వెళ్లడం’ అనే ఒకే క్రియను భవిష్యత్తు కోసం వాడుకున్నాయి.

అయితే రెండింటి పరిధి ఒకటి కాదు. తెలుగులో ‘-బోతున్నాను’ అంటే పని దగ్గరపడినట్టు, లేదా గట్టి నిర్ణయం ఉన్నట్టు వినిపిస్తుంది. స్పానిష్ మాటల్లో ‘బోయ్ అ’ ఎంత దూరపు రేపటికైనా సరిపోతుంది. కాబట్టి తెలుగులో ‘మాట్లాడతాను’ అనిపించిన చోట కూడా రోజువారీ సంభాషణలో ‘బోయ్ అ అబ్లార్’ అనడమే మంచిది. వార్తల్లో, ఉత్తరాల్లో, ఒప్పందాల్లో, మాట ఇచ్చేటప్పుడు ‘అబ్లరే’ బరువుగా నిలబడుతుంది.

మూడో దారి వర్తమానమే. ‘మన్యాన ఆబ్లొ కొన్ ఏల్’ అంటే ‘రేపు అతనితో మాట్లాడుతున్నా’. ఖాయమైపోయిన పనికి మనం కూడా ఇలాగే అంటాం.

ఇక్కడ తెలుగు నుంచి వచ్చే చిక్కు ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ‘నేను రోజూ ఇంట్లో తెలుగు మాట్లాడతాను’, ‘రేపు సభలో మాట్లాడతాను’. రెండింటికీ మనకు ఒకే రూపం. అలవాటుకూ భవిష్యత్తుకూ మనం తేడా చూపించం, పక్కనున్న మాటలే ఆ తేడా చెబుతాయి. స్పానిష్ ఆ రెండింటినీ కచ్చితంగా విడదీస్తుంది. అలవాటైతే ‘ఆబ్లొ’, రేపటిదైతే ‘అబ్లరే’. ‘నేను స్పానిష్ మాట్లాడతాను’ అని పరిచయం చేసుకునేటప్పుడు ‘అబ్లరే ఎస్పన్యోల్’ అంటే, ఎదుటివాళ్లకు ‘ముందు ముందు మాట్లాడతాను’ అని అర్థమవుతుంది. వాక్యం కట్టే ముందు ‘రోజూనా, రేపా?’ అని ఒక్కసారి వేసుకునే ప్రశ్న ఈ తప్పును ఆపుతుంది.

ఊహ చెప్పే భవిష్యత్తు

గుమ్మంలో వినిపించిన ‘క్యేన్ సెరా?’ దగ్గరికి మళ్లీ వద్దాం. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఎక్కడో చివర, ‘భవిష్యత్ రూపానికి మరో ప్రత్యేక ప్రయోగం’ అని చూపిస్తారు. నిజానికి రోజువారీ స్పానిష్‌లో ఇది పక్కకు నెట్టేసేంత చిన్నది కాదు. రేపటి సంగతి చెప్పే పనిని ‘బోయ్ అ’ ఎక్కువగా తీసుకున్నచోట ‘అబ్లరే’ తరహా రూపానికి మాటల్లో గట్టిగా మిగిలిన పని ఊహించడమే.

కొన్ని జంటలు చూస్తే తెలుగుతో దగ్గరితనం తెలుస్తుంది. ‘తెంద్రా బేయింతె ఆన్యొస్’: అతనికి ఇరవై ఏళ్లుంటాయి. ‘ఎస్తరా ఎన్ కాస’: ఇంట్లో ఉంటాడు. ‘సెరాన్ లస్ త్రేస్’: మూడై ఉంటుంది. ‘అబ్రా యెగాదొ’: ఈపాటికి చేరి ఉంటాడు. చివరి దాంట్లో తెలుగు ‘చేరి’ చోట స్పానిష్ ‘యెగాదొ’ ఉంది, ‘ఉంటాడు’ చోట ‘అబ్రా’ ఉంది. ముక్కకు ముక్క సరిపోయింది. ఈ వాక్యాలను ఇంగ్లిష్ మీదుగా తెస్తే ‘బహుశా’, ‘అయి ఉండాలి’ లాంటివి వెతుక్కోవాలి. తెలుగు నుంచి నేరుగా వెళ్తే క్రియ రూపం ఒక్కటే చాలు.

రెండు భాషల్లోనూ ఇలా ఎందుకు జరుగుతుంది? రేపటి సంగతి ఎవరూ కళ్లారా చూడలేదు. ‘రేపు వర్షం పడుతుంది’ అనడం కూడా ఒక అంచనాయే. చూడనిదాన్ని చెప్పే రూపం ఒకటి చేతిలో ఉన్నప్పుడు, కంటికి కనబడని ‘ఇప్పుడు’కు కూడా దాన్నే వాడుకోవడం సహజం. గోడ అవతల ఉన్న మనిషి, చేతికి గడియారం లేనప్పటి టైము, పరాయి మనిషి వయసు, ఇవన్నీ ఇప్పుడే ఉన్నా మన చూపుకు అందనివి.

ఊహతో వేసే ప్రశ్న సమాధానం కోసం కాకపోవడం కూడా రెండు చోట్లా ఒకటే. ‘అబ్లరా ఎస్పన్యోల్?’ అని ఎవరైనా తనలో తాను అనుకుంటే, ‘ఈయన స్పానిష్ మాట్లాడతారా, ఏమో’ అని. ఎదుటివారి నుంచి నేరుగా జవాబు కావాలంటే వర్తమానంలో ‘ఆబ్ల ఎస్పన్యోల్?’ అని అడగాలి.

ఊహ నుంచి ఇంకో మెట్టు ముందుకెళ్తే ఒప్పుకున్నట్టే ఒప్పుకుని కాదనే వాడుక వస్తుంది. ‘అబ్లరా మూయ్ బ్యేన్, పేరొ నో ఎస్కూచ.’ ‘బాగానే మాట్లాడొచ్చు గానీ, వినడు’ అని. ఇక్కడ ‘అబ్లరా’ను ‘రేపు బాగా మాట్లాడతాడు’ అని చదివితే వాక్యం తలకిందులవుతుంది.

‘-తే’ ఉన్నచోట, ‘-ప్పుడు’ ఉన్నచోట

షరతు చెప్పే ‘సి’ వెంట భవిష్యత్ రూపం రాదు. ‘నువ్వు వస్తే మాట్లాడదాం’ అనడానికి ‘సి బ్యేనెస్, అబ్లరేమొస్’ అంటారు. ‘వస్తే’ భాగంలో వర్తమానం, ‘మాట్లాడదాం’ భాగంలో భవిష్యత్తు. తెలుగు ‘వస్తే’లో కూడా భవిష్యత్ రూపం లేదు కనుక ఇది తేలిగ్గా ఒంటబడుతుంది.

అయితే అదే ‘సి’ వెంట కొన్నిసార్లు భవిష్యత్తు కనిపించి విద్యార్థికి టెన్షన్ తెస్తుంది. ‘నో సే సి బెంద్రా.’ అర్థం ‘వస్తాడో లేదో తెలియదు’. ఇంగ్లిష్‌లోనూ రెండింటికీ ‘ఇఫ్’ అనొచ్చు కనుక అక్కడి నుంచి చూస్తే నియమం తప్పినట్టు కనిపిస్తుంది. తెలుగులో రెండూ వేరు వేరు మాటలు. మన వాక్యంలో ‘-తే’ వస్తే అక్కడ భవిష్యత్తు పెట్టకూడదు, ‘-ఓ లేదో’ వస్తే పెట్టొచ్చు. ఇంత నమ్మకమైన గుర్తు ఇంగ్లిష్‌లో దొరకదు.

‘క్వాందొ’ అంటే ‘-ప్పుడు’. రేపటి సంగతికి ఇది వాడితే దాని పక్కన సబ్‌జంక్టివ్ రావాలి: ‘క్వాందొ బేంగస్, అబ్లరే కొంతీగొ’, నువ్వు వచ్చినప్పుడు నీతో మాట్లాడతాను. ‘క్వాందొ బెంద్రాస్’ అనేది బాగా తరచుగా పడే తప్పు. తెలుగులో కూడా అక్కడ భవిష్యత్ రూపం ఉండదని గమనించాలి. మనం ‘వచ్చినప్పుడు’ అంటాం, అంటే ఇంకా జరగని రాకకు భూతకాలపు తొడుగు వేస్తాం. స్పానిష్ దానికి సబ్‌జంక్టివ్ తొడుగు వేస్తుంది. తొడుగులు వేరైనా, ‘ఎప్పుడైతే’ అన్న భాగంలో భవిష్యత్తును ఒప్పుకోకపోవడంలో రెండు భాషలూ ఒకే పక్షాన ఉన్నాయి.

అడగడానికి కాదు, ఆజ్ఞకు

ఇంగ్లిష్ ‘విల్’ను గుడ్డిగా నమ్మితే దెబ్బతినే చోటు మరొకటి ఉంది. ‘కాస్త తలుపు తీస్తావా?’ అని అడగడానికి ఇంగ్లిష్‌లో ‘విల్ యూ’ వస్తుంది. స్పానిష్‌లో దానికి వర్తమానం వాడతారు: ‘ఆబ్రెస్ ల ప్వేర్త?’ భవిష్యత్తులో ‘అబ్రిరాస్’ అంటే అభ్యర్థన కాదు, ముందు ముందు తీస్తావా లేదా అన్న ఆరా అవుతుంది. ‘తలుపు తీయనా?’ అనడానికీ వర్తమానమే: ‘ఆబ్రొ?’ ‘ఎంత చెప్పినా వినడు’ అన్నప్పుడు ఇంగ్లిష్‌లో ‘వోంట్’ వస్తుంది కానీ, స్పానిష్‌లో ‘వినడానికి ఇష్టపడడు’ అని ‘కెరేర్’ క్రియతో చెబుతారు.

ఆజ్ఞ దగ్గర మాత్రం భవిష్యత్ రూపానికి పాత అధికారం ఉంది. బైబిల్ పది ఆజ్ఞల్లో చాలావరకు స్పానిష్‌లో ఈ కాలంలోనే ఉంటాయి: ‘నో మతరాస్’, ‘నో రొబరాస్’. చంపవద్దు, దొంగిలించవద్దు అని. మతార్, రొబార్ రెండూ పూర్తిగా రెగ్యులర్ క్రియలే. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో గట్టిగా ‘ఇప్పుడే వెళ్లి కూర్చుంటావు’ అన్నప్పుడు తెలుగు భవిష్యత్తులో వినిపించే స్వరం కూడా ఇదే.

చట్టాల భాషలోనూ ఈ రూపం నిలిచింది. 1978 నాటి స్పెయిన్ రాజ్యాంగం 47వ అధికరణం పౌరులందరికీ గౌరవప్రదమైన ఇల్లు పొందే హక్కు ఉందని చెబుతుంది. ఆ వెంటనే, అందుకు కావాల్సిన పరిస్థితులను ప్రభుత్వ వ్యవస్థలు ‘ప్రొమొబెరాన్’, తగిన నిబంధనలను ‘ఎస్తబ్లెసెరాన్’ అంటుంది. పెంపొందిస్తాయి, ఏర్పాటు చేస్తాయి అని. ‘ప్రొమొబేర్’ వర్తమానంలో ధాతువు విరిగే క్రియ. ఇక్కడ మాత్రం ఊనిక చివరికి వెళ్లిపోయింది కనుక మూల రూపానికి ‘ఆన్’ చేరి తిన్నగా నిలబడింది. ఆ ‘ఆన్’లో లాటిన్ నాటి ‘-వలసి ఉంది’ దాక్కుని ఉందని తెలిసిన పాఠకుడు ఆ అధికరణంలో జోస్యాన్ని కాదు, బాధ్యతను చదువుతాడు.